1,150 రూపాయల కూలెంట్ రిఫ్రాక్టోమీటర్: ఆరు నెలలు వాడాక

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మా ఇంట్లో 2010 శాంత్రో ఉంది. వారం వారం నరసరావుపేటలో అమ్మ దగ్గరికి వెళ్లి రావడానికి అదే ఆధారం. ఏప్రిల్ నెలాఖరున మధ్యాహ్నం పూట ఫిరంగిపురం దాటుతుండగా టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. పక్కకు ఆపి, ఏసీ కట్టేసి, చెట్టు నీడన ముప్పావుగంట కూర్చున్నాం. వెనక సీట్లో అమ్మ. ఆ టెన్షన్ మళ్లీ వద్దనుకునే, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎంత చిక్కగా ఉందో చూపే ఈ పరికరం కొన్నాను.

అసలు కారణం చిన్నదే. రేడియేటర్ మూత రబ్బరు పాడై, కొంచెం కొంచెంగా కూలెంట్ ఆవిరవుతోంది. తగ్గినప్పుడల్లా సర్వీసుకు ఇచ్చిన చోట నీళ్లు పోసి పంపుతున్నారు. "మేడమ్, పచ్చగానే ఉంది కదా, ఇంకో రెండేళ్లు ఢోకా లేదు" అన్నాడు అక్కడి మెకానిక్. నాకు నచ్చనిది ఆ మాటే. పచ్చదనం రంగు పొడి వల్ల వస్తుంది. బకెట్ నీళ్లలో చిటికెడు వేసినా పచ్చగానే కనబడుతుంది. లోపల ఇథిలీన్ గ్లైకాల్ (నీళ్లలో కలిపి కూలెంట్ చేసే అసలు ద్రవం) ఎంత ఉంది, దానితో పాటు తుప్పు పట్టకుండా ఆపే మందు ఎంత ఉంది అన్నది కంటికి తెలియదు, కొలవాల్సిందే.

పరికరం చూడ్డానికి జానెడు పొడవున్న చిన్న దుర్భిణిలా ఉంటుంది. ఆన్‌లైన్‌లో బ్రాండ్ పేరంటూ లేనిదే తెప్పించాను. పెట్టెలో పరికరం, ఒక ప్లాస్టిక్ డ్రాపర్, చిన్న స్క్రూడ్రైవర్, తుడిచే గుడ్డ ఉన్నాయి. ఒక చివర ఏటవాలుగా గాజు ముక్క, దాని మీద పారదర్శకమైన రేకు. గాజు మీద రెండు చుక్కలు వేసి, బుడగలు లేకుండా రేకు మూసి, వెలుతురు వైపు తిప్పి చూస్తే గుండ్రంగా ఒక తెర కనిపిస్తుంది. పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత ఎక్కడుందో అదే రీడింగ్. ద్రవం చిక్కబడేకొద్దీ కాంతి ఎక్కువ వంగుతుంది, గీత పైకి జరుగుతుంది. పండ్ల రసం తీపి కొలిచే బ్రిక్స్ మీటర్ చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, సూత్రం అదే.

స్కేలు మీద ఉండేది శాతాలు కాదు, గడ్డకట్టే ఉష్ణోగ్రత. గుంటూరులో కూలెంట్ గడ్డకట్టేదెప్పుడని మా అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. గడ్డకట్టే డిగ్రీని బట్టి గ్లైకాల్ వంతు ఎంతో తెలుస్తుంది, మనకు కావాల్సింది ఆ వంతే. మా బండిలోది తీసి చూస్తే మైనస్ 5 చూపింది. అంటే పదిహేను శాతం కూడా లేదు. పచ్చటి నీళ్లతో తిరుగుతున్నాం అన్నమాట.

మొదటి రోజే ఒక సంగతి తెలిసింది. మే నెల మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబడి డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచేద్దామని చూస్తే, గీత సున్నా కన్నా కిందకు జారిపోయింది. స్క్రూ తిప్పి సరిచేశాను. సాయంత్రం చూస్తే మళ్లీ తేడా. ఉష్ణోగ్రతకు తగ్గట్టు తనే సర్దుకుంటుందని పెట్టె మీద ఉంది కానీ, ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల మధ్యే. మన ఎండలకు అది చాలదు. అప్పటినుంచి తెల్లవారుజామునో, ఏసీ గదిలో పరికరాన్నీ ద్రవాన్నీ అరగంట ఉంచాకో చూస్తున్నాను. అలా చూస్తే రీడింగ్ ఎప్పుడూ కదల్లేదు. కొనేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇక కూలెంట్ మార్చిన రోజు. ఆదివారం ఉదయం ఐదున్నరకు, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద మొదలుపెట్టాం. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. లోపల ప్రెజర్ మీద ఉన్న నీళ్లు ఒక్కసారిగా మరిగి మొహం మీదకు చిమ్ముతాయి. మా అబ్బాయిని ఆ మూత దగ్గరికి నేను చెప్పేదాకా రానివ్వలేదు.

కింద పెయింట్ బకెట్ పెట్టి డ్రెయిన్ ప్లగ్ తిప్పితే మొదట పచ్చగా, తర్వాత టీ డికాషన్ రంగులో వచ్చింది. అడుగున ఇసుకలాంటి గోధుమరంగు నలుసులు. వేలితో రుద్దితే గరగరమన్నాయి. తుప్పూ, సున్నపు పొరా కలిసిన నలుసులవి. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల ఫలితం. మా వీధి బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 900 పైన ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం వేడికి పేరుకుని, రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల గోడలకు పట్టేస్తాయి. టీ గిన్నె అడుగున తెల్లగా పట్టేది కూడా ఇదే.

కొలిచి చూస్తే బయటికొచ్చింది మూడున్నర లీటర్లు. మొత్తం ఆరు లీటర్లు పడుతుందని లెక్క వేసుకున్నాను కాబట్టి రెండున్నర లీటర్లు ఇంజిన్ బ్లాకులో, హీటర్‌లో నిలిచిపోయింది. ఇంట్లో చేసుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒకసారి ఖాళీ చేసి నింపితే పాతది నూటికి 42 పాళ్లు లోపలే ఉంటుంది. రెండోసారికి 17, మూడోసారికి 7, నాలుగోసారికి 3. ల్యాబ్‌లో పిల్లలకు చెప్పేది కూడా ఇదే, ఒకేసారి బకెట్ నీళ్లతో కడగడం కన్నా కొంచెం కొంచెంగా నాలుగుసార్లు కడిగితే మేలు అని. ప్రతిసారీ నీళ్లు నింపి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, పై గొట్టం వేడెక్కేదాకా ఇంజిన్ నడిపి, చల్లార్చి వదిలాం. గొట్టం వేడెక్కితే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ వైపు దారి తెరిచే కవాటం) తెరుచుకుందని గుర్తు. అది తెరుచుకోకపోతే నీళ్లు బ్లాకులోకి సరిగా తిరగవు, కడిగినా కడగనట్టే. మధ్యలో చల్లారడానికి పట్టే సమయం వల్ల పని సోమవారానికి కూడా పాకింది. మొదటి రెండుసార్లు కుళాయి నీళ్లు, తర్వాత రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్. నాలుగో విడత నీళ్ల చుక్క గాజు మీద వేసి చూస్తే గీత సున్నాకు ఆనుకుని ఉంది. ఆ గీత చూశాక నాకు కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను. కడిగింది చాలిందా లేదా అని ఊహించుకునే అవసరం లేకుండా పోయింది.

డిస్టిల్డ్ వాటర్ విషయంలో ఒక్క మాట. బ్యాటరీ షాపుల్లో దొరికే క్యాన్లన్నీ ఒకటి కాదు. నేను తెచ్చిన మొదటి క్యాన్ టీడీఎస్ మీటర్ మీద 140 చూపింది. వెనక్కి ఇచ్చేసి వేరే చోట కొంటే 2 చూపింది. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు 60 దగ్గర ఉంటాయి, తాగడానికి మంచివే కానీ దీనికి వద్దు.

ఇప్పుడు కూలెంట్. రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్) తెచ్చి పోస్తే సరిపోతుందని అందరూ అంటారు. ఖాళీ రేడియేటర్‌కు ఆ మాట నిజమే. కడిగిన బండిలో రెండున్నర లీటర్ల నీళ్లు లోపలే ఉన్నప్పుడు కాదు. మూడో వంతు గ్లైకాల్ ఉన్న రెడీమిక్స్ మూడున్నర లీటర్లు పోస్తే చివరికి మిగిలేది 19 శాతం. డబ్బులు పోసి పలచన చేసుకున్నట్టు. అందుకే నీళ్లు కలపని కాన్సంట్రేట్ సీసాలు మూడు కొన్నాను. మాన్యువల్‌లో అల్యూమినియం రేడియేటర్‌కు పనికొచ్చే ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ అని ఉంది, రంగు పట్టించుకోకుండా సీసా వెనక ఆ మాట ఉందో లేదో చూసి తీసుకున్నాను. రెండున్నర లీటర్లు అది, ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్. లెక్క ప్రకారం 42 శాతం.

ఇంకాస్త చిక్కగా పోస్తే ఇంకా మంచిది కదా అని ఆటోనగర్‌లో సీసాలమ్మిన బాబాయ్ అన్నారు. లేదు. వేడిని మోయడంలో నీళ్లను మించింది లేదు, గ్లైకాల్ పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. గ్లైకాల్ చేసే మేలు మరిగే స్థానాన్ని పైకి నెట్టడం. సగం సగం కలిపినది 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాని మీద మూత ప్రెజర్ మరికొన్ని డిగ్రీలు పెంచుతుంది. తుప్పు పట్టనివ్వని మందు కూడా గ్లైకాల్‌తోనే వస్తుంది. మంచు పడని మన ఊళ్లకు నలభై దగ్గర ఆగడం నా లెక్కలో సరైనది.

నింపేటప్పుడు మూత తీసి ఉంచి, హీటర్ వేడిలో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా నడిపాం. బుడబుడమని గాలి వస్తూనే ఉంది. గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని పిసికితే ఇంకా వచ్చింది. ఆ గాలి లోపల ఉండిపోతే కొత్త కూలెంట్ పోసి కూడా ముల్లు లేస్తుంది. కొత్త మూత పెట్టి, మర్నాడు పొద్దున చూస్తే రిజర్వాయర్‌లో మట్టం కొంత దిగింది. మిగిలిన కాన్సంట్రేట్‌తో కలిపి పావు లీటరు పోశాను. అప్పుడు రీడింగ్ మైనస్ 25, అంటే నేను లెక్కేసిన దగ్గరికే వచ్చింది.

పాతది మురుగు కాలువలో పోయొద్దు. తియ్యగా ఉంటుంది కాబట్టి వీధికుక్కలు నాకుతాయి, ఇథిలీన్ గ్లైకాల్ వాటి కిడ్నీలు తీస్తుంది. మా గేటు ముందు పడుకునే కుక్క రెండుసార్లు బకెట్ దగ్గరకొచ్చింది. వెంటనే మూత ఉన్న క్యాన్‌లోకి వంచి, మీద "విషం" అని రాసి, మాకు తెలిసిన షెడ్డుకు పంపాను.

ఈ ఆరు నెలల్లో నెలకోసారి రిజర్వాయర్ నుంచి చుక్క తీసి చూస్తున్నాను. మైనస్ 25 నుంచి కదల్లేదు. జూన్ మొదట్లో అదే నరసరావుపేట రోడ్డు మీద ఏసీ వేసుకుని వెళ్లాం, ముల్లు సగం దగ్గరే నిలబడింది.

లోపాలు కూడా చెప్పాలి. గ్లైకాల్ ఎంతుందో చెబుతుంది గానీ తుప్పు మందు బతికుందో లేదో ఇది చెప్పలేదు. కూలెంట్ పాతబడేకొద్దీ గ్లైకాల్ ఆమ్లాలుగా మారుతుంది, దానికి ఆమ్లగుణం చూపే పీహెచ్ పట్టీ వేరే కావాలి. రీడింగ్ బాగుంది కదా అని మార్చాల్సిన గడువు దాటించకూడదు. పరికరంతో వచ్చిన డ్రాపర్ రెండో వారానికే చీలింది, మందుల షాపులో కంటి చుక్కల డ్రాపర్ కొన్నాను. బ్యాటరీ యాసిడ్ స్కేలు కూడా ఇందులోనే ఉంది కానీ గీతలు మరీ సన్నం, నా కళ్లజోడుతో కష్టమే. నలభై మార్కుల్లో ముప్పై నాలుగు వేస్తాను.

సూచనల కాగితం ఇంగ్లిష్‌లో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది, శాతాల పట్టిక అందులో అసలు లేదు. నేను రాసి పెట్టె మూత లోపల అంటించుకున్నది ఇది: మైనస్ 4 అంటే సుమారు పది శాతం, మైనస్ 9 అంటే ఇరవై, మైనస్ 16 అంటే ముప్పై, మైనస్ 24 అంటే నలభై, మైనస్ 37 అంటే యాభై.