మ్యోంగ్‌డాంగ్‌లో నల్ల నూడుల్స్ తినాలంటే మెయిన్ వీధిలో మాత్రం తినకండి

సియోల్‌లో ఐదు రోజులున్నాం, నేనూ మా తమ్ముడూ. ప్యాలెస్‌లు, మెట్రో అన్నీ బాగున్నాయి, వాటి గురించి చెప్పేదేం లేదు. నా కడుపుమంటంతా అక్కడి షాపింగ్ పేట మ్యోంగ్‌డాంగ్ మెయిన్ వీధిలో తిన్న మొదటి రోజు భోజనం గురించే.

ఈ నల్ల నూడుల్స్ పేరు జాజాంగ్‌మ్యన్, చైనా నుంచి ఇంచియాన్ రేవుకి వలస వచ్చినవాళ్ల వంట, కొరియా వాళ్ల నాలుకకి తగ్గట్టు మారిపోయింది. నల్లటి సోయా ముద్దని నూనెలో వేయించి, పంది మాంసం, ఉల్లిపాయలు వేసి నూడుల్స్ మీద పోస్తారు. చూడ్డానికి బండిలోంచి తీసిన ఇంజన్ ఆయిల్‌లా ఉంటుంది, భయపడొద్దు.

బయట బోర్డు మీద బొమ్మతో సహా 7,000 వన్‌లు (కొరియా డబ్బు) అని ఉంది. లోపల కూర్చుని నీళ్లు తాగాక, అది అయిపోయిందని వెయిటర్ చెయ్యి అడ్డంగా ఊపి, 14,000 వన్‌ల సీఫుడ్ జాజాంగ్ చూపించాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకే అయిపోవడమేంటో! "లేచి వెళ్లిపోదాం పద అన్నయ్యా" అన్నాడు తమ్ముడు, నేనే మొహమాటపడి ఉండిపోయా. ముద్దకట్టిన నూడుల్స్, లెక్కపెడితే మూడు రొయ్యలు. ఇద్దరికీ 28,000, మన డబ్బుల్లో సుమారు పదిహేడు వందలు. సాయంత్రం దాకా వాడు నాతో మాట్లాడలేదు.

మర్నాడు చైనా ఎంబసీ పక్క సందులోకి వెళ్లాం. పాత కొట్టు, మెనూలో ఇంగ్లిష్ ముక్క లేదు, వడ్డించే పెద్దావిడ నవ్వనైనా నవ్వలేదు. కూర్చోగానే పసుపు ముల్లంగి ఊరగాయ, పచ్చి ఉల్లిపాయలు, నంజుకోడానికి కాస్త నల్ల ముద్ద పెట్టింది, ఎన్నిసార్లడిగినా ఊరికే ఇస్తారు. నేను నూడుల్స్‌ని పైపైన కెలుకుతుంటే చూడలేక, నా చేతిలో చాప్‌స్టిక్‌లు లాక్కుని అడుగునుంచి పైకి గబగబా కలిపేసి వెళ్లిపోయింది. అప్పుడు లేచిన ఆవిరిలో మాడీ మాడని ఉల్లిపాయ వాసన, అబ్బా! తమ్ముడు తీసుకున్న జంపోంగ్ ఎర్రటి కారం పులుసు, ఆల్చిప్పలతో. ముక్కు కారుతున్నా వాడు గిన్నె దించలేదు.

నాది 8,000, వాడిది 10,000. పెద్ద సైజు కావాలంటే 'గొప్పేగి' అనాలి, పేరులోనే గొప్ప ఉంది కాబట్టి మర్చిపోరు, దానికింకో 1,000. టిప్పు అక్కర్లేదు.

శాకాహారులైతే ఇటు రాకండి, ముల్లంగి తప్ప ఏమీ ఉండదు. పంది మాంసం వేపుడు, తాంగ్‌సుయుక్, తెప్పించుకుంటే సాస్ దానిమీద గబుక్కున పోసెయ్యొద్దు, పోసుకోవాలా ముంచుకోవాలా అని అక్కడివాళ్లే కొట్టుకుంటారు, పక్కవాళ్లని అడగండి.

చివరి రోజు సూట్‌కేసులు సర్దుతుంటే తమ్ముడు షాపింగని మాయమయ్యాడు. గంటకి వచ్చాడు, చేతిలో సంచీ లేదు, తెల్ల చొక్కా మీద మాత్రం నల్ల మరక.