తిరుపతిలో వీల్‌చైర్‌తో దిగాలంటే: గ్రౌండ్ ఫ్లోర్ గదా, లిఫ్ట్ ఉన్న హోటలా?

అమ్మకు పక్షవాతం వచ్చాక ఒంగోలు నుంచి మూడుసార్లు తిరుపతి వెళ్లొచ్చాం. అప్పటి నుంచి తెలిసినవాళ్లు అడిగేది ఒకటే: గ్రౌండ్ ఫ్లోర్ గది తీసుకోవాలా, లిఫ్ట్ ఉన్న హోటలా?

మొదటిసారి నేనూ గ్రౌండ్ ఫ్లోరే అడిగాను. ఉందన్నారు. తీరా వెళితే రోడ్డు నుంచి ఐదు మెట్లు. కింద సెల్లార్ పార్కింగ్ ఉన్న భవనాల్లో గ్రౌండ్ ఫ్లోర్ అలాగే ఎత్తులో ఉంటుంది. మెట్ల పక్కన ర్యాంప్ ఉంది కానీ అది సామాన్ల ట్రాలీ కోసం కట్టింది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైనా లేకపోతే కుర్చీ తోయడం కష్టం, దించేటప్పుడు ఇంకా భయం.

లిఫ్ట్ సెల్లార్ దాకా దిగే హోటల్లో ఈ బాధ లేదు. కారు నేరుగా లోపలికి పోనిచ్చి, అక్కడే అమ్మను కుర్చీలోకి దించి పైకి వెళ్లాం. కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందో లేదో మాత్రం ముందే అడగండి.

అయితే నా దృష్టిలో తేల్చేది ఇవేవీ కావు, బాత్రూం తలుపు. మామూలు మడత కుర్చీ చక్రాల అంచులతో కలిపి 25, 26 అంగుళాల వెడల్పుంటుంది. బాత్రూంకు రెండున్నర అడుగుల తలుపు పెట్టారంటే ఫ్రేమ్ పోను మనకు మిగిలేది కూడా దాదాపు అంతే. మొదటిసారి మా కుర్చీ అక్కడే ఆగిపోయింది. రెండు రోజులూ అమ్మను నేనూ తమ్ముడూ ఎత్తుకునే తీసుకెళ్లాం. మా చేతులు నొప్పి పుట్టడం పెద్ద విషయం కాదు. కొడుకులు ఎత్తుకెళ్లాల్సి వస్తుందని అమ్మ నీళ్లు తాగడం మానేసింది. అది చూశాక గది ఎంత బాగున్నా బాత్రూం కొలత తెలియకుండా డబ్బు కట్టడం లేదు.

కనీసం 28 అంగుళాల దారి ఉండాలి, 32 ఉంటే హాయి. గడప ఎత్తుగా ఉండకూడదు. తలుపు బయటికి తెరుచుకుంటే లోపల కుర్చీ తిప్పుకోవడానికి చోటు మిగులుతుంది. కమోడ్ పక్కన గోడకు కడ్డీ ఉండాలి. టవల్ తగిలించే రాడ్ మనిషి బరువు ఆపదు, దాన్ని పట్టుకోనివ్వకండి.

రైల్వేస్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం దేవస్థానానివే, దిగగానే దగ్గర. కానీ గది అక్కడికి వెళ్లాక కేటాయిస్తారు కాబట్టి కొలతలు ముందే చూసుకునే వీలుండదు. కొండమీద గదులదీ అంతే. పెద్ద హోటళ్లలో వికలాంగుల కోసమే కట్టిన గది దొరికి, ఖర్చు భరించగలిగితే అదే తీసుకోండి.

నేనైతే లిఫ్ట్ సెల్లార్ దాకా ఉన్న హోటల్ వైపే. బుక్ చేసే ముందు రిసెప్షన్‌కు ఫోన్ చేసి, "అన్నా, బాత్రూం తలుపు పూర్తిగా తెరిచి, అడ్డంగా టేప్ పెట్టి ఒక ఫొటో వాట్సాప్‌లో పంపు" అని అడుగుతాను. మూడోసారి వెళ్లినప్పుడు అలా అడిగితే ఒక కుర్రాడు గడప ఫొటో కూడా కలిపి పంపాడు. ఆ హోటల్లోనే దిగాం.