లంక తోటలో డబుల్ బ్యారెల్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా ఇల్లు కోనసీమలో పి.గన్నవరం దగ్గర గోదావరి లంకలో, కొబ్బరి తోట మధ్య ఉంటుంది. కేకేస్తే పలికే ఇల్లు దగ్గర్లో లేదు. నాన్నగారికి 70 దాటాక ఆయన 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి, నా పేరు మీదకు వచ్చింది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చని 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. ఇంటి కాపలాకు తుపాకి మంచిదేనా అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు.

వస్తువుగా చూస్తే వంక పెట్టలేను. గొట్టాల దగ్గర మడత విప్పితే తూటా ఉందో లేదో కంటికే కనిపిస్తుంది. పాడవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. కాకపోతే 30 అంగుళాల గొట్టాలు. మా పెంకుటింటి గుమ్మాల్లో, చీకట్లో, దాన్ని అటూ ఇటూ తిప్పడం కుదిరే పని కాదు.

దీనికి అసలు శత్రువు దొంగ కాదు, తుప్పు. వానాకాలంలో పట్టుకుని తుడవకుండా పెట్టేస్తే, వేళ్లు తగిలినచోటల్లా ఎర్రగా గుర్తులు తేలతాయి. తోలు సంచిలో మాత్రం ఉంచకండి, అది తేమ పీల్చి గొట్టానికే అంటిస్తుంది. నేను మిషన్ నూనె పూసి, పాత లుంగీ గుడ్డ చుట్టి బీరువాలో పెడతాను. అట్ట తూటాలైతే ఉబ్బిపోయి గొట్టంలోకి దిగవు, ప్లాస్టిక్‌వే కొనండి.

వేసవి సెలవులకు పిల్లలు వస్తారు. అందుకే తుపాకి ఖాళీగా ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో. ఇంకోలా ఉంచడానికి నేను ఒప్పుకోను. మరి అర్ధరాత్రి కుక్క మొరిగితే? రెండు తాళాలు తీసి, తూటాలు వేసి బయటికొచ్చేసరికి వచ్చినవాడు గట్టు దాటేస్తాడు. మా బోరు మోటారు కేబుల్ అలాగే పోయింది. దింపు తీసి రాశి పోసిన కాయలూ పోయాయి. పట్టుకున్నా కాయల దొంగ మీద పేల్చే హక్కు మనకు లేదు. దోపిడీకి దిగినా, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడినా సంగతి వేరు. అప్పుడు కూడా ఆత్మరక్షణకు అవసరమైనంత వరకే అంటుంది చట్టం.

ఎన్నికలొస్తే తుపాకిని స్టేషన్లో అప్పగించాలి. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, ఫలితాలు జూన్ 4న. సరిగ్గా ఇంటిల్లిపాదీ ఆరుబయట పడుకునే రోజులు! వరదల్లో ఇంకో తంటా. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇల్లు వదిలి పడవెక్కేటప్పుడు గొడ్లు, బియ్యం, పట్టా కాగితాలతో పాటు ఇదొకటి. ఖాళీ ఇంట్లో వదలలేం, పునరావాస కేంద్రంలో పదిమంది మధ్య పక్కన పెట్టుకుని పడుకోలేం. నేరుగా స్టేషన్‌కు పట్టుకెళ్లి రసీదు తీసుకున్నాను. ఇల్లు కాయాల్సినదాన్ని నేనే కాస్తున్నానని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

కాగితాల పని కొంత తగ్గింది. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. 2022లో కోనసీమ జిల్లా వచ్చాక కాకినాడ వెళ్లే పని తప్పి, అమలాపురంలోనే అయిపోతోంది. ఆ సవరణే ఇంకో మేలు కూడా చేసింది. "బావా, ఊరేగింపులో ఒక్కసారి పేల్చవా" అనే బావమరుదులకు, సంబరాల కాల్పులకు రెండేళ్ల జైలు దాకా పడొచ్చురా అని చెప్తే చాలు, నోరు మెదపరు.

దొంగతనాలు తగ్గింది మాత్రం గట్టు వైపు లైట్లు, సోలార్ కెమెరా పెట్టాక. రెండు ఊరకుక్కలకు పూటా అన్నం పెడుతున్నాం, వాటికీ వాటా ఉంది. కొత్తగా కొనాలనుకునేవాళ్లు ముందు ఆ ఖర్చు పెట్టి చూడండి. నాది నాన్నగారి వస్తువు కాబట్టి ఉంచుకున్నాను. మా అబ్బాయి హైదరాబాద్ వదిలి వచ్చేలా లేడు. వచ్చే రెన్యువల్ నాటికీ అదే మాటంటే డీలరుకు ఇచ్చేస్తాను.