పాత కారు సైలెన్సర్ లీకు: పుట్టీ, వెల్డింగ్, కొత్త పైపు ఎంతకాలం నిలిచాయి?

కళింగపట్నం వైపు సముద్రతీర గ్రామంలో తిరిగిన ఒక చిన్న బీఎస్-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణాల) పెట్రోల్ కారును శ్రీకాకుళంలో సెకండ్ హ్యాండ్‌లో కొని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఇంజన్ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇబ్బంది పెట్టిందల్లా సైలెన్సర్ లైనే. ఇంజన్ దగ్గరి ప్యాకింగ్ (అతుకు సందుల్లోంచి పొగ కారకుండా పెట్టే పలుచని బిళ్ల) మొదలు చప్పుడు తగ్గించే వెనక డబ్బా వరకు ఒక్కో కాలంలో ఒక్కో చోట లీకవడంతో, బజారులో దొరికే మరమ్మతులన్నీ ఒకే బండి మీద ఎంతకాలం నిలుస్తాయో చూసే వీలు కలిగింది. ఏ మరమ్మతు చేయించాలన్నది లీకు ఎక్కడుందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి తప్ప, ధరను బట్టి గాని, చప్పుడు తగ్గడాన్ని బట్టి గాని తేల్చుకోకూడదని నా నిశ్చితాభిప్రాయం.

ఉప్పుగాలికి పైపు పైనుంచి తుప్పు పడుతుందని మన ప్రాంతంలో అందరికీ తెలుసు. లోపలి నుంచి పట్టే తుప్పు అంతకంటే మొండిది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్లి కూరగాయలు కొని తిరిగివచ్చే ప్రయాణాల్లో వెనక డబ్బా తగినంత వేడెక్కదు కాబట్టి, ఆ ఆవిరి నీరుగా మారి అడుగున నిలిచిపోతుంది. ఈ నీరు పోవడానికి చాలా డబ్బాలకు కంపెనీయే అడుగున ఒక సన్నని రంధ్రం పెడుతుంది. అక్కడ కారే చుక్కలను లీకనుకుని దాన్ని వెల్డింగుతో మూయిస్తే డబ్బా ఇంకా త్వరగా పోతుంది.

నా కారులో మొదట పోయింది మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను పైపులోకి చేర్చే భాగం) దగ్గరి ప్యాకింగ్. ఉదయం స్టార్ట్ చేయగానే బానెట్ కింద 'టప్ టప్' అని సన్నని చప్పుడు వచ్చేది, ఇంజన్ వేడెక్కి ఇనుము వ్యాకోచించాక అది అణగిపోయేది. ప్యాకింగ్ అంచున మసి చారలు కనిపించాయి. మైలేజీ తగ్గింది, చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగింది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకుంటే పొగ తోపుకూ తోపుకూ మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుపోతుంది. ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందని సెన్సర్ చెబుతుంది, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ అవసరం లేకపోయినా పెట్రోలు పెంచుతుంది. ఒక షాపులో సెన్సరే మార్చాలన్నారు. నేను ముందుగా ప్యాకింగ్ మార్పించాను, లైటు ఆరిపోయింది, సెన్సర్ ఇప్పటికీ పాతదే. ఈ పనిలో కష్టం ప్యాకింగ్‌ది కాదు, తుప్పుపట్టిన స్టడ్డులది (నట్టు బిగించే మరల కడ్డీలది). మా మేస్త్రి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాడు. మర్నాడు గ్యాస్ మంటతో నట్టును ఎర్రగా కాల్చి, కొద్దిగా విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పుతూ ఒక్క స్టడ్డూ విరగకుండా తీశాడు. ఆ ఓపిక లేని చోట స్టడ్డు విరిగితే డ్రిల్లింగు పని మీద పడుతుంది.

ఆ తరువాత ఫ్లెక్సిబుల్ పైపు చిరిగింది. "ఇది వెల్డింగుకి ఆగదు బావూ, పైపు మార్చేయాలి" అని మేస్త్రి మొదటే చెప్పాడు, ఆయన మాట సరైనదే. ఇంజన్ ఊగినప్పుడల్లా ఆ ఊపును మింగేందుకే తీగల అల్లికతో ఆ ముక్క పెట్టారు. దాన్ని వెల్డింగుతో బిగించేస్తే ఊపంతా పక్క అతుకుల మీద పడి పగులు అక్కడికి మారుతుంది. విశాఖ ఆటోనగర్ నుంచి తెప్పించిన స్టెయిన్‌లెస్ ముక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మధ్య పైపు మీద చిన్న రంధ్రానికి మాత్రం సైలెన్సర్ పుట్టీ, పైన చుట్టే పట్టీ వాడాను. తిన్నని భాగంలో, తుప్పంతా గీకేశాక వేస్తే కొన్ని నెలలు ఆగింది. వంపుల దగ్గర ఆగలేదు. మామూలు ఎపాక్సీ ముద్ద ఆ వేడికి అసలు పనికిరాదు. ఊళ్లు తిరిగేటప్పుడు గండం గడవడానికి పుట్టీ చాలు, అంతకుమించి దాని మీద భరోసా పెట్టుకోలేం. వెనక డబ్బా అతుకు దగ్గరి పగులుకు గ్యాస్ వెల్డింగు చక్కగా కుదిరింది. పలుచని రేకు మీద ఆర్క్ వెల్డింగు రంధ్రాన్ని ఇంకా పెద్దది చేసే ప్రమాదం ఉంది. ఒకవేళ అదే చేయించాల్సివస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పించాలి, లేకపోతే కంప్యూటర్‌కు దెబ్బ తగలవచ్చు. కొత్త డబ్బా కొనేవారు అయస్కాంతం అంటుకుంది కాబట్టి స్టెయిన్‌లెస్ కాదని తీర్మానించుకోకూడదు, సైలెన్సర్లకు వాడే స్టెయిన్‌లెస్ రకాల్లో చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది.

పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ విప్పే పని ఏదైనా సరే, నేను పక్కనే నిలబడి చేయిస్తాను. అందులో ప్లాటినం, పెల్లేడియం, రోడియం ఉంటాయి కనుక పాతదానికి కూడా మంచి ధర పలుకుతుంది. తీసేసి ఖాళీ పైపు పెట్టినా బయటికి తేడా వెంటనే తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు, కారు లోపలికి వచ్చే పొగ ఒక ఎత్తు. పైపు చిరిగిన రోజుల్లో టెక్కలి వెళ్తుంటే వెనక సీటులో ఉన్న మా అమ్మ "తల దిమ్ముగా ఉందిరా" అంది. వెంటనే అద్దాలన్నీ దించి, బండి ఆపాను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అందువల్ల కారు అడుగున లీకుందని తెలిశాక మరమ్మతును వాయిదా వేయడం గాని, ఆ కారులో ఏసీ వేసుకుని నిద్రపోవడం గాని ఎవరూ చేయకూడదని గట్టిగా చెబుతున్నాను.

కాలుష్య పరీక్షలో గట్టెక్కితే లీకు లేదనుకోవడం కూడా సరికాదు. బీఎస్-4 పెట్రోల్ కారుకు ఐడ్లింగులో (బండి కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు (మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిర్లు) 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు) మించకూడదు. పైపులోకి బయటి గాలి కలిస్తే ఆ అంకెలు ఉన్నదానికంటే తక్కువగానే చూపిస్తాయి. పాత కారు బేరానికి వెళ్లేవారు బండిని ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారికి ఫోనులోనే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకుని, స్టార్ట్ చేయించి, వెనక గొట్టానికి మందపాటి గుడ్డను క్షణకాలం అడ్డుపెట్టి, బుసకొట్టే చప్పుడు ఏ వైపు నుంచి వస్తున్నదో వినాలి.