ఒడిశా రాయగడలో అద్దె ఇల్లు చూపించే ఏజెంటు: నోటితో 6,500, కాగితంలో 8,000

పేరు రాయను. ఊరు చిన్నది, రేపు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఎదురుపడితే పలకరించుకోవాలి. బజారులో జెరాక్స్ షాపుల దగ్గర చిన్న బల్ల వేసుకుని ఇళ్లు చూపించే కుర్రాళ్లు కొంతమంది ఉన్నారు కదా, వాళ్లలో ఒకడు.

నేను జాకెట్లు కుడతాను. పద్దెనిమిదేళ్లుగా ఉన్న ఇల్లు ఈ వానలకి కారడం మొదలెట్టింది. మా మీద పడితే తుడుచుకుంటాం, ఊళ్లోవాళ్లు ఇచ్చిన పట్టు గుడ్డ మీద పడితే ఎవరు కడతారు? మూడు వారాలు నేనే 'ఘర భడా' (ఇల్లు అద్దెకు) బోర్డులు చూసుకుంటూ తిరిగాను. ఫోన్ చేస్తే సగం మంది "అయిపోయిందమ్మా, బోర్డు తియ్యలేదు" అన్నారు. ఆఖరికి ఇతని దగ్గరికి వెళ్లాను.

చూపించడానికి 200, కుదిరితే సగం నెల అద్దె. ముందే చెప్పాడు, అది బాగుంది. ఒక్క పూటలో నాలుగిళ్లు తన స్కూటరు మీదే తిప్పి చూపించాడు. కుళాయి ఎన్నింటికి వస్తుందో, ఏ వీధిలో ఓల్టేజీ పడిపోతుందో అన్నీ తెలుసు. "అక్కా, మోటారు మిషనుకి ఈ ఇల్లు వద్దు" అని ఒకటి తనే కొట్టేశాడు. నాలుగోది కస్తూరినగర్‌లో. మేడ మీద రెండు గదులు, వీధి వైపు వరండా, పొద్దున్న బాగా వెలుతురు. సూదిలో దారం ఎక్కించడానికి లైటు అక్కర్లేదు. అద్దె 6,500, రెండు నెలల అడ్వాన్సు అన్నాడు. అక్కడే వెయ్యి టోకెన్ ఫోన్‌పే చేశాం. పంపేటప్పుడు మా అమ్మాయి మెసేజ్ దగ్గర 'కస్తూరినగర్ మేడ ఇల్లు, అద్దె 6500' అని కొట్టింది. ఎందుకే అంత చాదస్తం అన్నాను.

అయిదో రోజు ఆధార్ జెరాక్సులు, ఫొటోలు పట్టుకుని సంతకానికి వెళ్లాం. కాగితం ఒడియాలో ఉంది. నేను ఇక్కడే పెరిగాను, ఒడియా గడగడా మాట్లాడతాను, చదవడం మాత్రం రాదు. నాలాంటి తెలుగువాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది. సంతకం చేసేదాన్నే, మా అమ్మాయి ఒడియా మీడియం కాబట్టి తీసుకుని చదివింది. "అమ్మా, 'ఆఠ హజార' అని ఉంది" అంది. అంటే ఎనిమిది వేలు. గడువు పదకొండు నెలలు, అడ్వాన్సు మూడు నెలలు. మళ్లీ రాసుకునేటప్పుడు పది శాతం పెంపు.

అడిగితే తడుముకోలేదు. "డివిజన్ వస్తోంది కదక్కా, రేట్లు లేచిపోయాయి" అన్నాడు. రైల్వే డివిజన్ మాట. 2019లో ప్రకటించారు, 2025 జనవరి 6న ప్రధాని ఢిల్లీ నుంచి వీడియోలో శంకుస్థాపన చేశారు. ఆ రాయి పడ్డప్పటి నుంచి ఈ ఊళ్లో గోడకి సున్నం కొట్టినవాడు కూడా డివిజన్ పేరే చెబుతున్నాడు. అయిదు రోజుల కింద 6,500 చెప్పినప్పుడు కూడా డివిజన్ ఉంది కదా బాబూ అన్నాను. నవ్వాడు.

సంతకం పెట్టకుండా నేరుగా ఇంటావిడ దగ్గరికి వెళ్లాం. పెద్దావిడ, పుట్టిల్లు బొబ్బిలి వైపట, మాట వినగానే తెలిసింది. "ఏటమ్మా, నాలుగు రోజుల కిందటే ఆ అబ్బాయికి సెప్పీసినాను కదా, పక్కింటికి ఎనిమిది వచ్చిందని" అంది. అంటే ఇతనికి తెలుసు. నా కోపం అక్కడే. ఇల్లు ఆవిడది, అద్దె ఎంతని అడగాలో ఆవిడ ఇష్టం. తెలిసిన రోజే ఫోన్ చేసి ఉంటే ఇంకో ఇల్లు చూసుకునేదాన్ని. పాత ఇంటివాళ్లకి ఖాళీ చేస్తామని చెప్పేసి, సామాను మూటలు కట్టాక, నాకు రాని లిపిలో చెబితే?

పార్వతీపురంలో వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్న మా మరిదికి ఫోన్ చేశాను. కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం చేసిందట. ఇళ్లకి రెండు నెలలకి మించి అడ్వాన్సు వద్దని, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాసి ఇవ్వాలని అందులో ఉందట. రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అది పనికొస్తుంది, పైగా సంతకమే కాలేదు కాబట్టి నీకు దక్కేది ఏమీ లేదు వదినా, బేరమాడుకో అన్నాడు. పదకొండు నెలల కాగితం ఎందుకంటే, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదట, ఆ ఖర్చు తప్పించుకోవడానికి.

బేరమే ఆడాను. "పిన్నిగారూ, పక్కింటికి విడిగా మోటారు ఉంది, స్కూటరు పెట్టుకునే చోటుంది. ఎనిమిదికి ఇచ్చేవాళ్ల కోసం రెండు నెలలు ఖాళీగా ఉంచితే తొమ్మిది నెలలకి 72,000. నాకు ఏడుకి ఇస్తే పదకొండు నెలలకి 77,000. అయిదో తారీఖు దాటనివ్వను, పాత ఇంటావిణ్ణి అడగండి" అన్నాను. ఆవిడ నిజంగానే ఫోన్ చేసి అడిగింది. తర్వాత "మా కోడళ్ల జాకెట్లు కుట్టిపెడతావా మరి?" అంది. జాకెట్లు వేరు, అద్దె వేరు అన్నాను. 7,000, అడ్వాన్సు 14,000, మళ్లీ రాసుకునేటప్పుడు అయిదు శాతమే. కాగితం కొత్తగా కొట్టించాం, అమ్మాయి ప్రతి లైనూ గట్టిగా చదివింది.

ఏజెంటు సగం అద్దె అని 3,500 అడిగాడు. ఫోన్‌పే మెసేజ్ చూపించి, నువ్వు కుదిర్చింది 6,500 ఇల్లు అని 3,250 ఇచ్చాను. గొణిగాడు, తీసుకున్నాడు.

అయిదుకి రెండు నక్షత్రాలు. ఒకటి ఓల్టేజీ సంగతి నిజం చెప్పినందుకు, ఒకటి ఎండలో స్కూటరు తిప్పినందుకు. ఇళ్లు చూడ్డానికి ఇతని దగ్గరికి వెళ్లండి, సంతకానికి ఒడియా చదివే మనిషిని వెంటబెట్టుకెళ్లండి.

చేరిన వారానికి మళ్లీ ఫోన్ చేశాడు. "అక్కా, మీ పాత ఇల్లు ఖాళీయేనా? అద్దె ఎంత చెప్పమంటారు?" కప్పు కారుతుందని కూడా చెప్పు అన్నాను.