అమ్మ 33 రాత్రులు ఉన్న రిహాబ్: పగలు ఒకలా, రాత్రి ఇంకోలా

2025 జులై 24న మా ఇంట్లో బాత్రూమ్‌లో జారిపడి అమ్మకి తుంటి ఎముక విరిగింది. అమ్మకి 73 ఏళ్లు. ఆపరేషన్ చేసి, 5 రాత్రులు హాస్పిటల్లో ఉంచి, 29న రిహాబ్‌కి పంపారు. హాస్పిటల్ నుంచి వచ్చాక కోలుకునేదాకా ఉంచుకుని నర్సింగ్, థెరపీ ఇచ్చే చోటు అది. కాగితాల్లో స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ అని ఉంటుంది. ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్లందరం రిహాబ్ అనే అంటాం. ఎడిసన్ నుంచి 20 నిమిషాల డ్రైవ్. ఆగస్టు 31న అమ్మని ఇంటికి తెచ్చుకున్నాం. దాని పేరు రాయడం లేదు. అమ్మని కన్నతల్లిలా చూసుకున్నవాళ్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు, నా మాట వల్ల వాళ్లకి ఇబ్బంది రాకూడదు. ముందే చెప్పేస్తున్నాను: థెరపీ చాలా బాగుంది. రాత్రిళ్లు, శని ఆదివారాలు మాత్రం బాగాలేదు.

హాస్పిటల్లో డిశ్చార్జి ఏర్పాట్లు చూసే కేస్ మేనేజర్ మధ్యాహ్నం 3 గంటలకి రిహాబ్‌ల లిస్టు ఒకటి చేతిలో పెట్టి, పొద్దున్నకల్లా మూడు పేర్లు చెప్పమంది. అమ్మేమో మందుల మత్తులో ఉంది. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. మెడికేర్ అంటే ఇక్కడ పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, వాళ్ల కేర్ కంపేర్ వెబ్‌సైట్‌లో ఒక్కో పేరూ కొట్టి చూస్తూ కూర్చున్నాను. అమ్మ ఉన్న ఈ రిహాబ్‌కి మొత్తం మీద 5కి 4 స్టార్లు ఉన్నాయి. అది చూసి ఊరట పడ్డాను. ఆ నాలుగు ఎలా వచ్చాయో తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది. రాష్ట్రం వాళ్ల తనిఖీల్లో వచ్చినవి 3 మాత్రమే. స్టాఫింగ్‌కి 2. క్వాలిటీ అనే దాంట్లో 5 వచ్చింది కాబట్టి ఇంకో స్టారు కలిసి 4 అయ్యింది. ఆ క్వాలిటీ లెక్కల్లో చాలావరకు ఆ రిహాబ్ వాళ్లే రాసి పంపేవి. స్టాఫింగ్ అంకె అయితే జీతాల రికార్డుల నుంచి వస్తుంది. శని ఆదివారాల్లో నర్సింగ్ గంటలు ఎన్ని, ఏడాదిలో ఎంతమంది మానేశారు అన్నవి కూడా 2022 నుంచి అదే పేజీలో పెడుతున్నారు. నేను కిందికి జరిపి చూడలేదు. మీరు చూడండి.

సాయంత్రం 5 గంటలకి స్వయంగా వెళ్లొచ్చాను కూడా. లాబీలో పియానో, చేపల తొట్టి, ఎక్కడా వాసన లేదు. వారం మధ్యలో సాయంత్రం 5కి ఏ చోటైనా బాగానే ఉంటుంది. వెళ్తే ఆదివారం రాత్రి 9కి వెళ్లాలి. గది తలుపుల మీద కాల్ బెల్ లైట్లు ఎన్ని వెలుగుతున్నాయో, ఎంతసేపటికి ఆరుతున్నాయో వరండాలో ఒక పావుగంట నిలబడి చూడాలి.

అమ్మ చేరిన మూడో రోజు సోషల్ వర్కర్ ఫోన్ చేసి, “మీ అమ్మగారికి మతిమరుపు ఎప్పటినుంచి?” అని అడిగింది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. అమ్మ పాలవాడి లెక్క, చీటీ పాట లెక్క కాగితం లేకుండా నోటితో చెప్పే మనిషి. ఆరా తీస్తే విషయం తెలిసింది. చేరిన ప్రతి ఒక్కరికీ బిమ్స్ అని ఒక చిన్న పరీక్ష పెడతారు. సాక్, బ్లూ, బెడ్ అని మూడు మాటలు చెప్పి, తిరిగి అనమంటారు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఇవాళ ఏ వారం అని అడుగుతారు. ఆ తర్వాత మళ్లీ ఆ మూడు మాటలూ గుర్తున్నాయా అంటారు. మొత్తం 15 మార్కులు. అమ్మని ఇంగ్లీషులో అడిగారు. అమ్మకి ఇంగ్లీషు రాదు. మర్యాదగా నవ్వి తలూపింది. 4 మార్కులు వేశారు. 7, అంతకంటే తక్కువ వస్తే తీవ్రంగా మతి తప్పినట్టే రాసుకుంటారు.

ఫైల్లో ఆ మాట ఒకసారి పడిందంటే ఇంక ఆ మనిషి ఏం చెప్పినా ఎవరికీ వినపడదు. అమ్మ బాత్రూమ్ వైపు చెయ్యి చూపిస్తే అదీ మతి లేకే అనుకుని డైపర్ తొడిగేశారు. పడిపోకముందు వరకు తన పనులన్నీ తనే చేసుకున్న మనిషికి.

ప్రభుత్వ డబ్బు తీసుకునే చోట భాష రానివాళ్లకి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాలి. అడగాలని తెలియక వారం పోయింది. అడిగాక ఆగస్టు 8న ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి అదే పరీక్ష మళ్లీ చేశారు, నేను పక్కనే ఉన్నాను. “అమ్మగారూ, ఇవాళ ఏ వారమండీ?” అన్నాడు అవతలి అబ్బాయి. “శుక్రవారం నాయనా. వరలక్ష్మీ వ్రతం,” అంది అమ్మ. నెల అడిగితే “శ్రావణం. వీళ్లకి ఆగస్టు,” అంది. చివర్లో మాటలు గుర్తున్నాయా అంటే, “మేజోడు, నీలం, మంచం.” 15కి 15. ఇంటర్‌ప్రెటర్ కూడా ఒక్క క్షణం ఆగి, “వ్రతం నాడు అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారా” అన్నాడు, ఆ మాట ఇంగ్లీషులో చెప్పకుండా. సోషల్ వర్కర్ అమ్మ చెయ్యి పట్టుకుని సారీ చెప్పింది, ఆ సాయంత్రమే ఫైలు మార్చింది. ఆ విషయంలో ఆవిడకి నిండు మార్కులు వేస్తాను.

డైపర్ తీసేశారు. ఇంక బాత్రూమ్‌కి వెళ్లాలంటే బెల్ కొట్టాలి, ఎవరైనా వచ్చి పట్టుకుని వాకర్ మీద తీసుకెళ్లాలి. మర్నాడు శనివారం రాత్రి 1:10కి అమ్మ బెల్ కొట్టింది. ఎదురుగా గోడ గడియారం ఉంది కాబట్టి అమ్మకి టైము తెలుసు. మనిషి వచ్చేసరికి 1:55. అప్పటికే పక్క తడిసిపోయింది. ఆ సంగతి నాకు అమ్మ చెప్పలేదు. సోమవారం సాయంత్రం వెళ్లేసరికి మంచం పక్క టేబుల్ మీద నీళ్ల కప్పు, మూత, స్ట్రా ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. ఐసు కరిగి కప్పు కింద టిష్యూ తడిసింది. అమ్మ పెదవులు ఎండి పగిలాయి. “నీళ్లు తాగవేంటమ్మా?” అంటే నా మొహం చూడకుండా, “నాలుగు దాటాక తాగడం మానేశానే. రాత్రి ఎవర్నీ పిలవక్కర్లేదు కదా,” అంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు శనివారం రాత్రి సంగతి చెప్పింది.

నర్సుల డెస్క్ దగ్గర ఏ షిఫ్టులో ఎంతమంది ఉన్నారో, రోగులు ఎంతమందో రాసిన కాగితం రోజూ అంటించాలి. పాతవి అడిగితే చూపించాలి. శనివారం రాత్రిది అడిగి తీసుకున్నాను. 41 మంది రోగులు, ఇద్దరు ఎయిడ్‌లు, అంటే రోగుల్ని లేపి, బాత్రూమ్‌కి తీసుకెళ్లే నర్సింగ్ సహాయకులు. న్యూజెర్సీ చట్టం ప్రకారం పగలు 8 మందికి ఒక ఎయిడ్, సాయంత్రం 10 మందికి ఒకరు, రాత్రి 14 మందికి ఒకరు ఉండాలి. 41 మందికి ముగ్గురు కావాలి. ఆ ఇద్దరిలో ఒకావిడ హైతీ నుంచి వచ్చిన మనిషి, మధ్యాహ్నం షిఫ్టు చేసి అలాగే రాత్రికి కూడా ఉండిపోయింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఒక ముసలాయన్ని మంచం మీద నుంచి లేపుతూ ఆయన్ని వదిలేసి ఎలా వస్తుంది? కోపమంతా ఆ షిఫ్టుకి ఇద్దరు చాలనుకున్నవాళ్ల మీద.

గురువారం కేర్ ప్లాన్ మీటింగ్ పెట్టించాను, అంటే అమ్మని ఎలా చూసుకోవాలో కూర్చుని రాసుకునేది. చాలామంది ఈ మీటింగ్‌ని సంతకం పెట్టే పని అనుకుని ఫోన్‌లోనే కానిచ్చేస్తారు. నేను ఆ కాగితం, నీళ్ల కప్పు ఫోటో పట్టుకుని వెళ్లాను. అరవలేదు. అమ్మ బెల్ కొట్టినా కొట్టకపోయినా రాత్రి 10కి, 1కి, 4కి వచ్చి బాత్రూమ్‌కి తీసుకెళ్లాలని ప్లాన్‌లో రాయించాను. రాష్ట్రంలో ఇలాంటి చోట్ల ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, దాని నంబరు కూడా వాళ్ల గోడ మీదే ఉంటుంది. అంతదూరం వెళ్లే అవసరం రాలేదు. ఆ రాత్రి నుంచి ఇంటికి వచ్చేవరకు ఇంకొక్కసారి మాత్రమే పక్క తడిసింది, అదీ ఆదివారమే. హైతీ ఆవిడ కోసం నొప్పి, నీళ్లు, చలి, బాత్రూమ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి గోడకి అంటించాను. రెండ్రోజుల్లో చూడకుండా అనడం నేర్చుకుంది. ఒంటిగంటకి తలుపు దగ్గర నిలబడి మెల్లిగా “అమ్మా, నొప్పి?” అనేదట. అమ్మ ఇప్పటికీ ఆవిడని తలుచుకుంటుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వెజిటేరియన్ అంటే పాస్తా, చీజ్ శాండ్‌విచ్, ఉడికించిన క్యారెట్. కూరగాయల సూప్ అంటూ పెట్టినదాంట్లో చికెన్ నీళ్లు ఉన్నాయని అడిగితే గానీ తెలియలేదు. పెరుగన్నం, ముద్దపప్పు మేమే పట్టుకెళ్లాం, డబ్బా మీద పేరు, తారీఖు వేస్తే ఫ్రిజ్‌లో పెట్టనిచ్చారు.

ఇంక థెరపీ. ఫిజియో అబ్బాయి రోజూ నడిపించేవాడు, మెట్లు ఎక్కించేవాడు, అది ఎక్కడైనా చేస్తారు. స్నానం, బట్టలు లాంటి రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అమ్మాయి మాత్రం తను అమ్మని చూసిన మొదటి రోజే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని అమ్మని ఒక ప్రశ్న అడిగింది: “మీ ఇంట్లో పొద్దున లేవగానే ఏం చేస్తారు?” స్నానం చేసి చీర కట్టుకుంటాను, ఆ తర్వాతే కాఫీ అయినా, అంది అమ్మ. అక్కడ స్నానం వారానికి రెండే రోజులు, మంగళవారం, శనివారం. స్నానం లేకుండా తిననని అమ్మ పొద్దున టిఫిన్ ట్రే వెనక్కి పంపేస్తోందని అప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు, ఆకలి లేదని రాసుకున్నారు. ఆ అమ్మాయి పొద్దున 7:30కి స్నానాన్నే థెరపీగా పెట్టేసింది. ఆ తర్వాత నన్ను ఒక కాటన్ చీర తెమ్మంది.

చీర ఎందుకో నాకు మొదట తెలియలేదు. కుచ్చిళ్లు పోయాలంటే రెండు చేతులూ కావాలి. అంటే వాకర్ వదిలేసి కాళ్ల మీద నిలబడాలి. ఆ అమ్మాయి వెనక నడుముకి బెల్టు పట్టుకుని నిలబడేది. మొదటి రోజు రెండు కుచ్చిళ్లకే అమ్మ మోకాళ్లు వణికి కూర్చుండిపోయింది. కొత్త తుంటి కాబట్టి ముందుకి వంగకూడదు, జారిన కొంగుని కింద నుంచి పట్టకారు కర్రతో అందుకోవాలి. రోజుకొక కుచ్చిళ్ల లెక్క ఆ అమ్మాయి తన నోట్సులో రాసేది. 2, 2, 3, 3, 5.

డబ్బు సంగతి. అమ్మ గ్రీన్ కార్డుకి 5 ఏళ్లు నిండాక మెడికేర్ కొనుక్కుంది. హాస్పిటల్లో కనీసం 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా, అంటే పూర్తిగా అడ్మిట్ అయి ఉంటేనే రిహాబ్‌కి మెడికేర్ ఇస్తుంది. అడ్మిట్ చేయకుండా గమనించడానికని అబ్జర్వేషన్ కింద పెట్టిన రోజులు లెక్కలోకి రావు, హాస్పిటల్లో ఉండగానే అడగండి. మొదటి 20 రోజులు పూర్తిగా కట్టింది. 21వ రోజు నుంచి 2025లో రోజుకి 209.50 డాలర్లు మనదే. మాకు 13 రోజులకి 2,723.50 అయింది. నాలుగో వారంలో, ఇంక మెరుగుదల కనపడటం లేదు, ఎల్లుండితో మెడికేర్ ఆగిపోతుంది అని ఒక కాగితం ఇచ్చారు. అమ్మ అప్పటికి 4 మెట్లు ఎక్కుతోంది, మా ఇంట్లో 14. కాగితం మీద ఉన్న నంబరుకి మర్నాడు మధ్యాహ్నం లోపే అప్పీల్ చేశాను. మెరుగుపడితేనే ఇవ్వాలన్న రూలు లేదని 2013లో కోర్టు సెటిల్మెంట్ అయింది, అదే చెప్పాను. థెరపీ నోట్సు చూసి మావైపే తేల్చారు. ఆ నోట్సులో కుచ్చిళ్ల లెక్క కూడా ఉంది.

ఆగస్టు 31 ఆదివారం. మందుల లిస్టులో హాస్పిటల్ వాళ్ల బీపీ మాత్ర, అమ్మ పాత బీపీ మాత్ర రెండూ రాసి ఉన్నాయి. రెండూ ఒకటే మందు, పేర్లు వేరు. అది సరిచేయించడానికి గంటన్నర పట్టింది, ఆదివారం కదా. ఆ గంటన్నరలో అమ్మ మంచం పక్కన నిలబడి ఏడు కుచ్చిళ్లూ తనే పోసుకుని దోపుకుంది. రాత్రి షిఫ్టు అయిపోయినా హైతీ ఆవిడ ఇంకా వెళ్లలేదు. అమ్మ ఆవిడ తెచ్చిన నీళ్లు కప్పు నిండా తాగి, కారెక్కే ముందు ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లొస్తానంది.