గేర్‌బాక్స్ కుదుపులు: కడపలో ఒక చిన్న వర్క్‌షాపు పనితనం

మా బండి 2017లో కొన్న డీజిల్ ఎస్‌యూవీ. ఆరు గేర్ల ఆటోమేటిక్, అందులోనూ టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించేది. 96 వేల కిలోమీటర్లు తిరిగిన తర్వాత, పోయిన చలికాలంలో ఒక ఉదయం ఇంటి నుంచి బయలుదేరి ఏడు రోడ్ల కూడలి చేరేలోపే, రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఒక దెబ్బ తగిలింది. వెనుక సీట్లో ఉన్న మా అమ్మ "ఏందిరా, ఎవరన్నా గుద్దినారా?" అని అడిగింది. నాలుగైదు కిలోమీటర్లు పోయి బండి వేడెక్కాక ఆ దెబ్బ కనిపించేది కాదు కాబట్టి రెండు నెలలు పట్టించుకోలేదు. అది నా తప్పే. ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్ ముందు వేగం తగ్గించినప్పుడు మూడు నుంచి రెండుకు దిగేచోట కుదుపు, డీలో (ముందుకు నడిపే గేరులో) పెట్టాక బండి కదలడానికి ఒక క్షణం ఆలస్యం తోడయ్యాయి. చివరకు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుండగా బండి మూడు, నాలుగు గేర్ల మధ్య ఎటూ తేల్చుకోలేక, స్టీరింగు దాకా తెలిసేటట్లు వణికింది. ఆ రోజు రాయచోటిలో పని మానుకుని, గువ్వలచెరువులో పాలకోవా దుకాణాల దగ్గరే బండి తిప్పుకుని వచ్చేశాను.

మొదట వెళ్లినది కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికే. గేర్‌బాక్స్ ఆయిల్ "జీవితకాలం" పనిచేసేదని, దాన్ని మార్చే అవసరమే లేదని, కుదుపు పోవాలంటే గేర్‌బాక్స్ అసెంబ్లీ మొత్తం మార్చాలని చెప్పి రెండున్నర లక్షల అంచనా కాగితం చేతిలో పెట్టారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని ఇంటికి వచ్చి ఓనర్స్ మాన్యువల్ తీసి చదివితే, వెనుక పేజీల్లో కఠిన పరిస్థితుల్లో నడిచే బండ్లకు వేరే పట్టిక ఉంది. అందులో గేర్‌బాక్స్ ఆయిల్ మార్పు స్పష్టంగా రాసి ఉంది. కఠిన పరిస్థితులంటే ఏమిటో కూడా వరుసగా చెప్పారు: 32 డిగ్రీలు దాటిన వేడిలో రద్దీ రోడ్ల మీద నడపడం, కొండదారులు, దుమ్ము దారులు, పదేపదే తక్కువ దూరాల ప్రయాణాలు. కడపలో బండి ఉన్నవాడికి ఈ జాబితాలో తప్పించుకోగలిగినది ఒక్కటి కూడా కనిపించదు. ఈ ఊళ్లో జీవితకాలపు ఆయిల్ అనే మాటను నమ్మడమంటే గేర్‌బాక్స్ జీవితకాలాన్ని మనమే తగ్గించుకోవడం అనుకుని, పని తెలిసిన మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాను.

నేను పని చేయించుకున్న వర్క్‌షాపు ఊరి చివర, రాయచోటి వైపు దారిలో ఉంది. ఇద్దరు మనుషులతో నడిచే షెడ్డు. ఎక్కువ బండ్లు ఒకేసారి చూసుకోలేనని యజమాని అన్నందువల్ల ఇక్కడ పేరు రాయడం లేదు. ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్లను అడిగితే చెబుతారు. నేల అంతా కడప బండలే, రసమట్టం పెట్టి పరిచినవి. అది అలంకారం కోసం కాదని తర్వాత అర్థమైంది. అందరూ ఆయనను భాయ్ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను.

ఆయిల్ మార్చమని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఆయిలు యాడికీ పోదు సార్, ముందు మౌంటింగు చూద్దాం" అన్నారు. బానెట్ ఎత్తించి, నన్ను బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని, డీ నుంచి ఆర్‌కు (రివర్సుకు), ఆర్ నుంచి డీకి నాలుగైదు సార్లు మార్పించి, ఇంజను ఎంత ఊగుతుందో చూశారు. ఇంజను మౌంటింగు రబ్బరు చిరిగినా గేరు కుదుపులాంటి దెబ్బే తగులుతుందని, అలాంటి బండ్లకు గేర్‌బాక్స్ విప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని చెప్పారు. మా బండిలో మౌంటింగులు బాగానే ఉన్నాయి. బ్యాటరీ వోల్టేజీ కూడా చూశారు, ఎందుకంటే గేర్లు మార్చే సోలెనాయిడ్లు, అంటే ఆయిల్ దారులు తెరిచి మూసే చిన్న వాల్వులు, కరెంటుతో పనిచేసేవి. తర్వాత స్కానర్ తగిలిస్తే పి0741, పి0731 లాంటి గేర్‌బాక్స్ తప్పుల కోడ్లు ఏవీ లేవు. కోడ్లు లేవని ఆయన అక్కడితో ఆగలేదు. స్కానర్ ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుని ఘాట్ దాకా వచ్చారు. ఎక్కేటప్పుడు ఆయిల్ వేడి 104 డిగ్రీలకు చేరడం, కన్వర్టర్ క్లచ్ పట్టీ పట్టనట్లుగా జారుతూ ఉండడం ఆ తెర మీద నేనూ చూశాను. వణుకు అక్కడి నుంచే వస్తోంది.

ఈ రకం గేర్‌బాక్సులో ఆయిల్ పని కేవలం గేర్ల పళ్లు అరగకుండా చూడడం కాదు. ఇంజను బలాన్ని కన్వర్టర్ ద్వారా అవతలికి అందించేదీ అదే, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను దారి మళ్లించే సన్నని దారుల భాగం) గుండా ఒత్తిడిగా వెళ్లి క్లచ్ పలకలను అదిమి పట్టేదీ అదే, వేడిని మోసుకుపోయేదీ అదే. పలకలు ఒకదాన్నొకటి ఎంత మెల్లగా పట్టుకోవాలో నిర్ణయించే రసాయనాలు కూడా అందులోనే కలిపి ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి చచ్చిపోతే, పలకలు జారవలసినచోట కరుచుకుంటాయి, కరుచుకోవలసినచోట జారతాయి. గేర్‌బాక్సును నడిపే కంప్యూటర్ కొంతకాలం ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ ఈ తేడాను కప్పిపుచ్చుతుంది. దాని సర్దుబాటు హద్దు దాటాక దెబ్బ మన నడుముకు తెలుస్తుంది.

ఇక అసలు పని. ఈ సమీక్ష రాయాలనిపించిందీ దాని గురించే. సాయంత్రం బండి వదిలి వెళ్లి, ఉదయం ఆరింటికల్లా రమ్మన్నారు. మే నెల. అంత పొద్దున ఎందుకని అడిగితే, ఆయన చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. మా గేర్‌బాక్సుకు మట్టం చూసే పుల్ల ఉండదు. బండిని నాలుగు వైపులా సమంగా పైకెత్తి, ఇంజను నడుస్తుండగా, ఆయిల్ 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పక్కనున్న మట్టం బిరడా విప్పితే, ఆయిల్ సన్నటి ధారగా కారి చుక్కలకు దిగాలి. అదే సరైన మట్టం. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు విప్పితే ఉబ్బిన ఆయిల్ ఎక్కువగా కారిపోయి లోపల తక్కువ పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు విప్పితే ఎక్కువ నిండి, తిరిగే పళ్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి, నురగకు ఒత్తిడి నిలవదు. కడపలో మే నెల మధ్యాహ్నం నీడలోనే నలభై దాటే వేడిలో, రోడ్డు మీద నుంచి వచ్చిన బండి ఆయిల్ అరవైకి దిగాలంటే గంటలు పడుతుంది. అంతసేపు ఆగే ఓపిక లేనివాళ్లు అందాజాగా నింపి పంపేస్తారు. భాయ్ మాత్రం రాత్రంతా చల్లారిన బండిని తెల్లవారి మొదలుపెట్టి, స్కానర్‌లో అంకె యాభై దాటగానే బిరడా విప్పి, అరవై రాకముందే బిగించారు. నేల ఎందుకంత సమంగా ఉందో అప్పుడు తెలిసింది.

మొదటిసారి దించినప్పుడు వచ్చిన ఆయిల్‌ను గీతలున్న జాడీలో కొలిచారు. 3.6 లీటర్లే వచ్చింది. ఎర్రగా ఉండవలసిన ఆయిల్ డికాషన్ రంగుకు తిరిగింది కానీ మాడు వాసన లేదు. డ్రెయిన్ బిరడా అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంది. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూపించి, ఇది మామూలు అరుగుదలేనని, చేతికి గుచ్చుకునే పొట్టు ఉంటే అప్పుడు భయపడాలని చెప్పారు. మట్టం సరిపోవడానికి మాత్రం నాలుగు లీటర్లు పట్టింది. అంటే 400 మిల్లీలీటర్లు ముందే తక్కువ. ఎక్కడికి పోయిందని వెతికితే ఎడమవైపు డ్రైవ్ షాఫ్ట్ సీలు చుట్టూ తడి కనిపించింది. సీలు అక్కడికక్కడే మార్చారు. మొదట నా బండి చూసినచోట ఎవరూ కింద పడుకుని ఈ తడి చూడలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

గేర్‌బాక్సులో మొత్తం ఏడు లీటర్లకు కొంచెం పైన పడుతుంది, ఒకసారి దించితే అందులో సగానికి కాస్త ఎక్కువే వస్తుంది. మిగిలినది కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. ఊళ్లో మరొకచోట మెషీన్‌తో ఒకేసారి మొత్తం ఫ్లష్ చేస్తామన్నారు కదా అని అడిగాను. ఇన్నేళ్లు ముట్టని గేర్‌బాక్సులో పేరుకున్న మడ్డిని ఒత్తిడితో కదిలిస్తే అది వాల్వ్ బాడీ సన్నని దారుల్లో ఇరుక్కోవచ్చని ఆయన ఒప్పుకోలేదు. పైగా ఈ మోడల్‌లో ఫిల్టరు కేసు లోపల ఉంటుంది, గేర్‌బాక్స్ విప్పకుండా మారదు. అందుకని అదే ఉదయం రెండుసార్లు, మరో 200 కిలోమీటర్లు తిరిగి వచ్చాక మూడోసారి దించి నింపారు. ఆ లెక్కన పాత ఆయిల్ పదో వంతుకు తగ్గినట్లే. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్ డబ్బాలను ప్రతిసారీ నా ముందే సీలు విప్పారు. రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ మధ్య అట్టకట్టిన దుమ్మును కూడా, నేను అడగకపోయినా, కడిగించారు.

ఆ తర్వాత స్కానర్‌తో కంప్యూటర్ పాత సర్దుబాట్లను చెరిపేసి, బండిని నిదానంగా ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కిస్తూ, బ్రేకు మెల్లగా వేసి ఆపుతూ కొన్నిసార్లు నడిపించారు. మొదటి ముప్పై, నలభై కిలోమీటర్లు గేర్లు కొత్త డ్రైవరు వేసినట్లే పడ్డాయి. కంగారుపడి ఫోన్ చేస్తే రెండు రోజులు ఓపిక పట్టమన్నారు. మూడో రోజుకు కుదురుకుంది.

ఇప్పటికి 3,000 కిలోమీటర్లు తిరిగాను. పొద్దున్నే తగిలే రెండు-మూడు దెబ్బ పూర్తిగా పోయింది. డీలో పెట్టగానే బండి కదులుతోంది. ఘాట్ మీద వణుకు లేదు. అదే ఎక్కుడులో ఆయిల్ వేడి 96 దాటలేదు, దుమ్ము కడగడం వల్లో కొత్త ఆయిల్ వల్లో చెప్పలేను. మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు మాత్రం మొదటి అయిదు నిమిషాలు చిన్న కుదుపు మిగిలే ఉంది. అది సోలెనాయిడ్ అరుగుదల కావచ్చని, దాని కోసం వాల్వ్ బాడీ ఇప్పుడే విప్పవద్దని, పెరిగితే చూద్దామని భాయ్ అన్నారు. పని పెంచుకునే అవకాశం ఉండీ వద్దన్న మెకానిక్‌ను నేను చాలాకాలం తర్వాత చూశాను.

ఖర్చు: ఆయిల్ 12 లీటర్లు, లీటరు 850 చొప్పున 10,200, సీలు 450, వాషర్లు 100, స్కానింగు 800, కూలి 3,500. మొత్తం 15,050 రూపాయలు. తక్కువేమీ కాదు. ఆయిల్ ధరను తగ్గించే వీలు లేదు, తగ్గించినవాళ్లు ఏ డబ్బా పోస్తున్నారో అనుమానించవలసిందే. నాకు నచ్చని విషయాలూ ఉన్నాయి. బిల్లు అరఠావు కాగితం మీద చేతిరాత. రేపు బండి అమ్మేటప్పుడు సర్వీసు రికార్డుగా చూపించడానికి పనికిరాదు. ఆయిల్ తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ సంగతి మొదటే చెప్పలేదు. కూర్చోవడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు. ఫోన్ ఎత్తడం ఆయన ఇష్టం.

ఆటోమేటిక్ అని ఊళ్లో అందరూ ఒకే పేరుతో పిలిచే బండ్లన్నీ ఇక్కడికి తీసుకువెళ్లవద్దు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ రకంలో లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగడం ఆ రకం స్వభావం. ఆయిల్ మార్చితే పోదు. క్లచ్ అరిగి కుదుపు పెరిగితే దానికి పని వేరు. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ బండ్లకు ఆయిల్ కూడా వేరే, అందులో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు పాడవుతుంది. ఈ రెండు రకాలనూ, రెండు క్లచ్‌ల డీసీటీ బండ్లనూ తాను ముట్టనని భాయ్ ముందే చెబుతారు.

టార్క్ కన్వర్టర్ బండి ఉన్నవాళ్లు జూన్ నెలాఖరు దాకా తెల్లవారుజాము వంతే దొరుకుతుందని గుర్తుంచుకుని, ఓనర్స్ మాన్యువల్ వెంట తీసుకువెళ్లండి. గ్రేడు పేరు అందులో తన కళ్లతో చదివితే తప్ప ఆయన ఒక్క డబ్బా కూడా తెప్పించరు.